కలివికోడిని కాపాడాలంటే కాపరిని కలుపుకోవాలి

కడప జిల్లాలో సిద్ధవటం, బద్వేలు చుట్టుపట్ల లంకమల కొండల కింద గొర్రెలు, మేకలు మేపుకుని బతికే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కొండ అంచు నుంచి పొలాల గట్ల దాకా ఉన్న ముళ్లపొదల బీడు వీరికి మేతభూమి. తుమ్మ, రేగు, కలివె పొదలు అక్కడొకటి ఇక్కడొకటిగా, మధ్యమధ్య గులకరాళ్ల నేల. చూసిన వారెవరైనా పనికిరాని భూమి అనుకునే చోటు అది. రెవెన్యూ కాగితాల్లోనూ చాలాకాలం దానికి దక్కిన విలువ అంతే. అయితే ప్రపంచంలో అతి అరుదైన పక్షుల్లో ఒకటిగా లెక్కకు వచ్చిన కలివికోడి ఈ పనికిరాని భూమిలోనే బయటపడింది. పెద్ద అడవిలో కాదు, మందలు తిరిగే బీటిలో బయటపడింది. ఈ సంగతి మరిచిపోయి ఆ పక్షి కోసం ఎన్ని పథకాలు వేసినా ఫలితం ఉండబోదు.

కలివె పొదల మాటున ఉంటుంది గనుక ఊళ్లవారు దానికి కలివికోడి అని పేరు పెట్టుకున్నారు. ఇంగ్లీషులో దాన్ని జెర్డాన్స్ కోర్సర్ అంటారు. థామస్ జెర్డాన్ అనే దొర వృత్తిరీత్యా సైన్యంలో వైద్యుడు, పక్షులంటే మహా ఆసక్తి. ఆయన సేకరించిన పక్షి ఆధారంగా 1848లో శాస్త్రజ్ఞులు దీనికి పేరు పెట్టారు. ఆ తరువాత గోదావరి లోయలోనూ, 1900లో అనంతపురం దగ్గరా కనిపించినట్టు రాసి ఉంది. అంతటితో కనుమరుగైంది. ఎనభై ఏళ్లకు పైగా ఒక్కరి కంటా పడలేదని, ఇక లేనట్టేనని పుస్తకాల్లో రాసేశారు.

పుస్తకాల వారికి కనబడలేదు గాని, ఊళ్లో పేరు మాత్రం పోలేదు. పక్షి లేనిచోట పేరు అన్నాళ్లు నిలవదు కదా. 1980 దశకంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు దీన్ని వెతకడానికి మనుషులను పంపినప్పుడు, వారు చేసిన తెలివైన పని పల్లెల్లో బొమ్మలు చూపించి వేటగాళ్లను, కాపరులను అడగడం. 1986 జనవరిలో సిద్ధవటం దాపున రెడ్డిపల్లె వద్ద స్థానిక వేటగాడొకడు రాత్రివేళ దాన్ని పట్టుకుని తెచ్చాడు. శాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్ పరిశోధనతో ఆ వార్త దేశదేశాలకు పాకింది. పాపం, పట్టుబడిన పక్షి మాత్రం బతకలేదు. ఎనభై ఆరేళ్ల తరువాత దొరికిన ఆ ఒక్కటీ మనిషి చేతిలోనే ప్రాణం విడిచింది. ఆ విషయం అప్పట్లో సంబరాల మధ్య మరుగున పడింది.

తరువాతి మర్యాదలకు లోటు లేదు. 1988లో భారత తపాలా శాఖ వారు కలివికోడి బొమ్మతో స్టాంపు వేశారు. ఆ ఏడే 464 చదరపు కిలోమీటర్ల మేర శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీనికి చోటుంది. అంటే పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. అంతర్జాతీయ సంస్థల జాబితాలో ఇది అంతరించిపోయే అంచున ఉన్న పక్షి. ప్రపంచం మొత్తం మీద యాభై నుంచి రెండు వందల యాభై లోపు ఉండవచ్చని వారి అంచనా. ఒక మోస్తరు రైతు ఇంటి మందలోని గొర్రెల కంటే కాస్త ఎక్కువ, అంతే!

మరి అన్నేళ్లు ఎవరికీ ఎందుకు కనబడలేదంటే, దాని తీరే అలాంటిది. పొడవు అడుగుకు తక్కువ. రొమ్ము మీద గోధుమరంగు పట్టీలు రెండు, కంటి మీదుగా తెల్లని చార, గొంతు దగ్గర ఎర్రమట్టి రంగు మచ్చ. పగలంతా పొద నీడన కదలకుండా కూర్చుంటుంది. మట్టిలో మట్టిగా కలిసిపోతుంది. చీకటి పడ్డాక బయటికి వచ్చి చెదలు, చీమలు ఏరుకుని తింటుంది. ఎగరడం కంటే పరుగెత్తడమే దానికి అలవాటు. పొద్దుగుంకిన ముప్పావుగంటకో గంటకో రెండు ముక్కల కూత గబగబా కూస్తుంది, కొద్ది నిమిషాల్లో ఆపేస్తుంది. ఆ కొద్ది నిమిషాలూ ఆ చుట్టుపక్కల చెవి పెట్టి ఉండగలిగేది ఎవరు? మందను దొడ్డికి తోలి, తప్పిపోయిన పిల్ల కోసం వెనక్కి తిరిగి వచ్చిన కాపరి. జీపులో వచ్చి జీపులో వెళ్లేవారికి ఆ అదృష్టం పట్టదు. తీతువు పిట్టను చూసి కలివికోడి అని పొరబడేవారు లేకపోలేదు. కాని తీతువు అరుపు, దీని కూత వేరని నాలుగు రాత్రులు ఆ బీటిలో గడిపినవారికి ఇట్టే తెలుస్తుంది.

తరువాత శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి ఇక్కడ పనిచేశారు. పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారి వచ్చి అడుగుజాడలు చూసేవారు. తమంతట తామే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. కూతను రికార్డు చేసి, దాన్ని తిరిగి వినిపించి జవాబు వస్తుందా అని చూశారు. ఇంత శ్రమపడి వారు తేల్చిన విషయం పల్లెవారు శ్రద్ధగా వినదగ్గది. ఈ పక్షికి దట్టమైన అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. నిలువెత్తు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700, అంటే ఎకరాకు సుమారు 120 నుంచి 280 దాకా ఉండి, మధ్యలో పరుగెత్తడానికి ఖాళీ నేల ఉన్న చోటే దానికి ఇష్టం. పొద మరీ చిక్కబడితే వెళ్లిపోతుంది, పలచబడితే దాక్కోవడానికి చోటు లేక వెళ్లిపోతుంది.

అలా చిక్కనా పలచనా కాకుండా ఆ బీటిని ఇన్నాళ్లు ఉంచింది ఏ ప్రభుత్వ పథకమూ కాదు. మేకలు చిగుళ్లు కొరికాయి, పశువులు గడ్డి మేసి నేలను తొక్కి ఖాళీగా ఉంచాయి, ఆడవాళ్లు ఎండుకట్టెలు ఏరుకుపోయారు. మేత పూర్తిగా ఆగిపోతే నాలుగైదు వానలకు తుమ్మ, రేగు కమ్ముకుంటాయి. మితిమీరితే, కొమ్మలు నరికి మేకలకు వేయడం పెరిగితే, బీడు బోడి అవుతుంది. రెంటికీ మధ్య ఉన్న సన్నటి హద్దు మీద కలివికోడి బతుకు ఆధారపడి ఉంది. అయినా పల్లెల్లోకి వచ్చే ఉత్తర్వుల్లో వినబడే మాట ఒకటే: మేపరాదు. ఎంత మేపితే మేలు, ఎక్కడ మేపితే కీడు అనే ప్రశ్న ఎవరూ వేయడం లేదు. ఇది శోచనీయం.

చట్టం అడ్డం వస్తోందని కొందరు సాకు చెబుతుంటారు. ఆ సాకు నిలవదు. జాతీయ పార్కులో పశువుల మేతను చట్టం నిషేధించింది, నిజమే. కాని అభయారణ్యం సంగతి వేరు. వన్యప్రాణుల మేలును బట్టి మేతను క్రమబద్ధం చేసే అధికారం 33వ సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి ఉంది. క్రమబద్ధం చేయడమన్నా నిషేధించడమన్నా ఒకటి కాదు. అదే చట్టం అభయారణ్యానికి అయిదు కిలోమీటర్ల లోపు పశువులకు టీకాలు వేయించాలని కూడా చెబుతోంది. జరిమానా సెక్షన్లు గుర్తుంచుకున్నంత శ్రద్ధగా టీకా సెక్షన్ గుర్తుంచుకుంటే కాపరులు తామే ఎదురు వస్తారు. ఇక 2006 నాటి అటవీ హక్కుల చట్టం మేత హక్కును కూడా గుర్తించింది. ఈ సంగతి గ్రామసభల్లో చెప్పేవారు కావాలి.

ఈ బీటికి అసలు ముప్పు మందల వల్ల రాలేదు. యంత్రాల వల్ల వచ్చింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం కలివికోడి తిరిగే చోట్లలోకి అనుమతి లేకుండా చొచ్చుకువచ్చింది. పొదలు కూకటివేళ్లతో లేచిపోయాయి. పరిశోధకులు గమనించి ఫిర్యాదు చేయడంతో విషయం సుప్రీంకోర్టు నియమించిన సాధికార సంఘం దాకా వెళ్లింది. చివరకు కాలువ దారి మార్చారు. సుమారు మూడు వేల ఎకరాలు పక్షి కోసం అదనంగా సేకరించాలని నిర్ణయమైంది. రాయలసీమలో నీటి విలువ ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. ఏడాదికి ఒక పంట చేతికొస్తే పండగ చేసుకునే సీమ ఇది. పిట్ట కోసం నీళ్లు ఆపుతారా అని అప్పట్లో కొందరు రైతులు మండిపడ్డారంటే తప్పు పట్టలేం. కాని నీళ్లు ఆగలేదు, దారి మాత్రమే మళ్లింది. ముందే ఊళ్లో నలుగురు కాపరులను అడిగి గీత గీసి ఉంటే ఆ తవ్విన ఖర్చూ మిగిలేది, పోయిన పొదలూ మిగిలేవి.

కాలువ సంగతి కోర్టుకెక్కింది గనుక నలుగురికీ తెలిసింది. చప్పుడు లేకుండా జరిగేది మరొకటి ఉంది. బీడు మీద బోరు పడితే నిమ్మతోట వస్తుంది, మామిడి తోట వస్తుంది. రాళ్లకు, గ్రావెల్‌కు ఒక పక్క తవ్వుతారు. పోరంబోకు ఒక్కొక్క ముక్కే కంచెల్లోకి పోతుంది. తోట వేసిన రైతును దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు, ఇంటిల్లిపాదీ బతకాలి. అయితే ఆ ముక్కలన్నీ కలిస్తే ఎంత మేత పోయిందో, సాయంత్రం మందను తోలుకు వచ్చే గొల్లవారికే బాగా తెలుసు. పదేళ్ల కిందట మంద నడిచిన దారిన ఇప్పుడు ముళ్లకంచె ఉంటుంది. కలివికోడికి పోయిన చోటూ, గొర్రెకు పోయిన మేతా ఒకే భూమి. ఈ విషయంలో పక్షి పక్షాన మాట్లాడేవారు, కాపరి పక్షాన మాట్లాడేవారు ఒకే అర్జీ మీద సంతకం చేయవచ్చు. ఇంతవరకు చేయలేదు.

పైగా ఎర్రచందనం గొడవ ఒకటి వచ్చిపడింది. ఈ కొండల్లో దొరికే ఆ కలప కోసం దొంగలు రాత్రిళ్లు తిరుగుతారు. వారి కోసం సిబ్బంది తిరుగుతారు. రెంటి మధ్యా చీకటిపడ్డాక అడవి అంచున కనిపించిన ప్రతివాడూ అనుమానితుడే. టార్చిలైటు పట్టుకుని మేక కోసం వెళ్లినవాడు కూడా సమాధానం చెప్పుకోవాలి. ఫలితంగా చీకట్లో మసలే పక్షిని చూడగలిగిన మనుషులే చీకట్లో బయటికి రావడం మానుకున్నారు. చూసినా చెప్పరు. చెబితే అక్కడికి నువ్వెందుకు వెళ్లావనే ప్రశ్న ముందు వస్తుందని వారి భయం. ఆ భయం పోగొట్టనిదే ఎన్ని కెమెరాలు పెట్టినా సగం పనే.

ఇందుకు భిన్నంగా మనుషులు నమ్మకంతో నడుచుకున్న సందర్భం పక్క జిల్లాలోనే ఉంది. 2023 మార్చిలో నంద్యాల జిల్లా కొత్తపల్లె మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులిపిల్లలు ఊరి పక్కన కనిపించాయి. ఊరివారు కుక్కల బారి నుంచి వాటిని తప్పించి, ఒక గదిలో భద్రం చేసి అటవీశాఖ వారికి కబురు పెట్టారు. తల్లి పులి ఎక్కడ మాటు వేసి ఉందోనన్న భయం లేకనా? ఉంది. అయినా ముందు కబురే పెట్టారు. తల్లి దగ్గరకు చేర్చే ప్రయత్నం ఫలించక పిల్లలను తిరుపతి జంతు ప్రదర్శనశాలకు తరలించారు గాని, ఊరు చేయవలసింది ఊరు చేసింది.

చెప్పుకోవలసిన చేదు అనుభవం కూడా ఆ జిల్లాలోనే ఉంది. రోళ్లపాడు పేరు వినని పక్షి ప్రేమికుడు ఉండడు. బట్టమేక పిట్ట అక్కడి గడ్డిభూముల్లో, జొన్న, కొర్ర వేసే మెట్టచేలల్లో తిరిగేది. 1988లో దాన్నీ అభయారణ్యం చేశారు. సుమారు ఆరు చదరపు కిలోమీటర్లు. లోపల కంచె, కాపలా బాగానే ఉన్నాయి. వెలుపల కాలువ నీరు వచ్చి మెట్టపంటలు పోయి ఇతర పంటలు వచ్చాయి. బట్టమేకకు కంచె లోపలి చోటు ఒక్కటే చాలదని అప్పుడు అర్థమైంది. కృష్ణజింకలు మాత్రం పెరిగి చుట్టుపక్కల పంటల మీద పడ్డాయి, రైతులకు అభయారణ్యం అంటేనే కోపం వచ్చింది. ఒకప్పుడు పదుల సంఖ్యలో కనిపించిన బట్టమేక రోళ్లపాడులో ఇప్పుడు కంటబడటమే గగనం. చుట్టూ ఉన్న రైతు, కాపరి తమవాళ్లు కానప్పుడు కంచె ఎంత ఎత్తు కట్టినా ఇంతే. లంకమల కింద అదే కథ మళ్లీ నడవనీయకూడదు.

కలివికోడి విషయంలో ఆశ వదులుకోవలసిన అవసరం లేదు. 2000 దశకం చివరి తరువాత చాలా ఏళ్లు దాని జాడ నికరంగా తెలియలేదు. మళ్లీ పోయిందనే అనుకున్నారు. 2025 ఆగస్టులో పక్షుల పరిశీలకులు కొందరు ఈ రాష్ట్రంలోనే రాత్రివేళ దాని కూత విని రికార్డు చేశారు. అంటే ఇంకా ఉంది. రెండోసారి దొరికిన భాగ్యం ఇది. మొదటిసారి దొరికినప్పుడు చేసిన పొరపాట్లు ఈసారి చేయకుండా ఉండటానికి సమయం ఉంది.

అటవీశాఖ వారు మొదట చేయవలసింది ఖర్చులేని పని. కొండ కింది ఊళ్లలో కాపరులను కూర్చోబెట్టి, ఏ బీట్లో ఎన్ని మందలు, ఏ నెలల్లో మేపుతున్నారో రాసుకోవాలి. ఏ పక్కన మేత తగ్గించాలో, ఏ పక్కన కొనసాగాలో వారితోనే తేల్చుకోవాలి. తగ్గించమన్న చోట బదులు మేత చూపించాలి. ఉత్తచేతులతో పొమ్మంటే రాత్రికి రాత్రి మంద అక్కడికే వస్తుంది. ప్రతి ఊరి నుంచి ఇద్దరు ముగ్గురు కాపరులకు గుర్తింపు కార్డులిచ్చి, సాయంత్రపు కూత వినే పని అప్పగించి, దానికి కూలి కట్టివ్వాలి. కార్డు జేబులో ఉంటే టార్చిలైటుతో తిరగడానికి భయం ఉండదు. పైగా కొత్తమొహం కనబడితే ఎర్రచందనం దొంగల సమాచారమూ వారి నుంచే వస్తుంది. ఈ సంగతి సిబ్బందికి తెలియనిది కాదు. జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీల్లో ఉండవలసిన యాజమాన్య కమిటీలు చాలాచోట్ల కాగితం మీదే ఉన్నాయి. వాటిలో గొల్ల కుటుంబాల వారికి చోటు ఇస్తే కమిటీకి పని దొరుకుతుంది.

రెవెన్యూ వారి వంతు కూడా ఉంది. మేత పోరంబోకులను కొలిపించి హద్దురాళ్లు వేయాలి. కొత్త రోడ్డుకో, క్వారీకో, కాలువకో అనుమతి ఇచ్చే ముందు ఆ సర్వే నెంబరు కలివికోడి తిరిగిన చోటా కాదా అని చూసుకోవడానికి పటం ఒకటి తహశీల్దారు కార్యాలయంలో ఉండాలి. అడుగుజాడలు ఎక్కడ దొరికాయో పరిశోధకులు ఎప్పుడో రాసిపెట్టారు గనుక పటం తయారు చేయడం పెద్ద పని కాదు.

ఊరివారు చేయవలసినవి కొన్ని ఉన్నాయి, వాటిని దాచడం మంచిది కాదు. కౌజుకు, పూరేడుకు వేసే ఉచ్చులకు, వలలకు ఏ పిట్ట పడిందో తెలియదు. తెల్లవారి చూసేసరికి కలివికోడి పడి ఉంటే చేసేదేమీ లేదు. కొత్త గడ్డి కోసమని బీటికి నిప్పు పెట్టే అలవాటు మానుకోవాలి. నేల మీద మసలే పక్షికి అంతకంటే పెద్ద ఆపద లేదు. మంద వెంట వచ్చే కుక్కలను చీకటిపడ్డాక పొదల్లోకి వదలకూడదు. మేకల కోసం పొదను మొదలంటా నరకడం కంటే కొమ్మ కోసుకుంటే వచ్చే ఏడాదికీ మేత ఉంటుంది. ఇక ఆ పక్షే కంటబడితే పట్టుకోవద్దు, తరమవద్దు, లైటు వేసి నిలబెట్టవద్దు. 1986లో పట్టుకున్నందుకు ఏమైందో చూశాం. ఏ పొద దగ్గర, ఏ వేళ, ఎటు పరుగెత్తిందో గుర్తుపెట్టుకుని బీటు ఆఫీసర్‌కో, ఊరి బడి పంతులుకో చెబితే చాలు. చెప్పినవాడి మీద కేసు ఉండదని అటవీశాఖ వారు ఊళ్లో దండోరా వేయించాలి. అది ముందు వేయించాలి, మిగతావి తరువాత.

వానలకు పచ్చిక లేచి మందలు మళ్లీ కొండ కిందికి చేరే రోజుల్లో మాటల కంటే ఘర్షణలే ఎక్కువగా జరుగుతుంటాయి. ఆ రోజులు రాకముందే సిద్ధవటం, బద్వేలు ప్రాంతపు పల్లెల్లో రేంజి అధికారులు ఒక్కొక్క సాయంత్రం గడిపితే మేలు. సమావేశం పగలు పెడితే కాపరులు రాలేరు. మంద దొడ్డికి చేరిన తరువాతే పెట్టాలి.